మోటారుసైకిలు బోల్టుల మర కొలతలు: గుర్తింపు

మోటారుసైకిలు బోల్టును గుర్తించడానికి ముఖ్యంగా కావలసినవి రెండు అంకెలు. ఒకటి మర కొనల మీద కొలిచిన వ్యాసం. రెండోది ఒక మర కొన నుంచి పక్క కొనకు ఉన్న దూరం. దీన్నే పిచ్ అంటారు. ఎం8×1.25 అని రాసి ఉంటే అది 8 మిల్లీమీటర్ల వ్యాసం, 1.25 మిల్లీమీటర్ల పిచ్ ఉన్న మెట్రిక్ బోల్టు. తల ఎంత ఉందో, ఏ పానా పడుతుందో ఈ రెండు అంకెల్లో లేదు.

మెకానిక్ షెడ్లలో మాత్రం బోల్టును పిలిచేది తలను బట్టే. "పది నంబరు బోల్టు" అంటే పది నంబరు పానా పట్టేదని. దాని మర వ్యాసం 6 మిల్లీమీటర్లే. పన్నెండు నంబరు అంటే సాధారణంగా ఎం8, పద్నాలుగు నంబరు అంటే ఎం10. షెడ్డులో అందరూ ఒకే లెక్క వాడతారు కాబట్టి పని ఆగదు. అదే మాట పట్టుకుని సికింద్రాబాద్ రాణీగంజ్‌లోని నట్లు, బోల్టుల కొట్టుకు వెళ్తే చిక్కు మొదలవుతుంది. అక్కడ పది ఎమ్మెమ్ అంటే మర వ్యాసమే. తల పదిగా ఉన్న బోల్టు కావలసినవాడి చేతికి మర పదిగా ఉన్న బోల్టు వస్తుంది. ఇక పాత కొట్లలో మూడో లెక్క ఒకటి ఉంది. అంగుళంలో ఎనిమిదో వంతు ఒక సూత్. రెండు సూతుల బోల్టు అంటే పావు అంగుళం, రెండున్నర సూతులంటే 5/16 అంగుళం, మూడు సూతులంటే 3/8 అంగుళం. సూత్ కూడా వ్యాసాన్నే చెబుతుంది. అంగుళానికి ఎన్ని మరలో చెప్పదు.

తప్పు బోల్టు అసలే ఎక్కకపోతే నష్టం లేదు. ఒకటి రెండు చుట్లు ఎక్కి, ఆ తర్వాత బిగుసుకుని, పానాతో బలవంతపెడితే ఇంకొంచెం కదిలేదే ప్రమాదకరమైనది. మోటారుసైకిలు ఇంజన్ కేసింగు, ఫోర్కు క్లాంపులు, బ్రేకు కాలిపర్ల వంటివి చాలావరకు అల్యూమినియం. బోల్టు ఉక్కు. రెండూ పోట్లాడితే అరిగేది అల్యూమినియమే. రూపాయల్లో దొరికే బోల్టు వల్ల వేల రూపాయల కేసింగు పాడవుతుంది.

మరల వంశాలు

ఒకే వ్యాసానికి ఇన్ని రకాల మరలు ఎందుకున్నాయో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. పందొమ్మిదో శతాబ్దపు మొదటి సగంలో ఇంగ్లండులో ఒక్కో కార్ఖానా తన మర తానే కోసుకునేది. జోసెఫ్ విట్‌వర్త్ అనేక కార్ఖానాల నుంచి మరలు సేకరించి, వాటి సగటు తీసి, 1841లో ఒక ఉమ్మడి ప్రమాణాన్ని ప్రతిపాదించాడు. అందులో మర కోణం 55 డిగ్రీలు, కొన, గాడి రెండూ గుండ్రం. ప్రతి వ్యాసానికీ అంగుళానికి ఇన్ని మరలని ఆయన నిర్ణయించాడు. దాన్నే బీఎస్‌డబ్ల్యూ అంటారు. అది ముతక మర. కదిలే, అదిరే యంత్రాలకు సన్న మర కావలసి వచ్చి 1908లో బీఎస్‌ఎఫ్ వచ్చింది. చిన్న పరికరాల కోసం 1884లో పుట్టిన బీఏ మరల కథ వేరు. వాటి కోణం నలభై ఏడున్నర డిగ్రీలు; దేశం బ్రిటనే అయినా కొలతలు మిల్లీమీటర్లలో ఉంటాయి. సైకిళ్ళ పరిశ్రమ మరో దారి పట్టింది. పలుచని గొట్టాల మీద కోయడానికి వీలుగా, బాగా చిన్న, బాగా పెద్ద సైజులు తప్ప, దాదాపు అన్ని వ్యాసాలకూ అంగుళానికి 26 మరలే పెట్టుకుంది. కోణం 60 డిగ్రీలు. బ్రిటన్‌లో మోటారుసైకిలు పుట్టింది సైకిలు కార్ఖానాల్లోనే కాబట్టి ఈ సైకిల్ త్రెడ్ దాని వెంట వచ్చేసింది.

అమెరికాలో 1864లో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల కోణం, చదునైన కొన ఉన్న మరను ముందుకు తెచ్చాడు. గుండ్రపు కొనల కంటే దాన్ని కోయడం తేలిక. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా, బ్రిటన్, కెనడా సైన్యాలు ఒకరి యంత్రాలకు మరొకరి బోల్టులు వేయలేక నానా పాట్లూ పడ్డాయి. దాంతో 1948 నవంబరులో మూడు దేశాలూ యూనిఫైడ్ మరల మీద ఒప్పందం చేసుకున్నాయి. ముతకది యూఎన్‌సీ, సన్నది యూఎన్‌ఎఫ్. ఐరోపా ప్రధాన భూభాగంలో మాత్రం 1898 జూరిచ్ సమావేశం నాటికే మెట్రిక్ మరలు ఒక దారికి వచ్చాయి. 1947లో ఏర్పడిన అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ తర్వాత వాటిని స్థిరపరచింది. ఈ ఐఎస్‌ఓ మెట్రిక్ మర కోణం కూడా 60 డిగ్రీలే. భారత ప్రమాణాల్లో దీనికి సమానమైనది ఐఎస్ 4218.

జపాన్ మెట్రిక్ దేశమే అయినా అక్కడ ఒక మెలిక ఉంది. 1960ల దాకా వాళ్ళ జేఐఎస్ ప్రమాణంలో చిన్న మరల పిచ్‌లు ఐఎస్‌ఓతో కలిసేవి కావు. ఎం3కి 0.5 బదులు 0.6, ఎం4కి 0.7 బదులు 0.75, ఎం5కి 0.8 బదులు 0.9 ఉండేవి. తర్వాత ఐఎస్‌ఓకు మారినప్పుడు, కొత్త మరను పాతదాని నుంచి విడదీయడానికి స్క్రూ తల మీద చిన్న చుక్క గుంట పెట్టారు. జపాన్ బళ్ళ స్క్రూల మీద ఇప్పటికీ కనిపించే ఆ చుక్కను చూసి చాలామంది అది స్క్రూడ్రైవర్ రకానికి గుర్తు అనుకుంటారు. మొదట్లో అది చెప్పింది మర గురించి.

మన రోడ్ల మీది బళ్ళు

బోల్టు చేతిలోకి తీసుకోకముందే, బండి ఎక్కడ, ఎప్పుడు రూపుదిద్దుకుందో తెలిస్తే సగం పని అయినట్టే. ఇక్కడ "ఎక్కడ తయారైంది" అనేదాని కంటే "ఎవరి నమూనా" అనేదే ముఖ్యం. మద్రాసులో 1955లో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా బుల్లెట్‌కు మూలం ఇంగ్లండులోని రెడిచ్ నమూనా. భారతదేశం 1956 తూనికలు, కొలతల చట్టంతో మెట్రిక్ బాట పట్టినా బుల్లెట్ ఇంజన్ మరలు అంగుళాల్లోనే కొనసాగాయి. కొన్ని భాగాలు తర్వాతి కాలంలో విడివిడిగా మెట్రిక్‌కు మారాయి. అందువల్ల పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్ ఒక్కదాంట్లోనే బీఎస్‌ఎఫ్, సైకిల్ త్రెడ్, బీఏ, మెట్రిక్ కలిసి కనిపించవచ్చు. దాని మీద పని చేసేవాడు ఏ బోల్టునూ ముందే నమ్మకూడదు. 2000 దశకం చివర్లో వచ్చిన యూసీఈ (యూనిట్ కన్‌స్ట్రక్షన్) ఇంజన్లతో ఈ గందరగోళం పోయి, అంతా మెట్రిక్ అయింది.

మైసూరులో 1960ల ఆరంభం నుంచి తయారైన జావా, తర్వాత యెజ్డి చెక్ నమూనాలు. మొదటి నుంచీ మెట్రిక్. పోలండ్ నమూనా మీద ఎస్కార్ట్స్ చేసిన రాజ్‌దూత్ 175 కూడా అంతే. 1980లలో జపాన్ కంపెనీల భాగస్వామ్యంతో వచ్చిన 100 సీసీ బళ్ళు, అంటే ఇండ్-సుజుకి, హీరో హోండా సీడీ100, యమహా ఆర్‌ఎక్స్100, వాటి వారసత్వంగా ఇప్పుడు నడుస్తున్న బళ్ళు అన్నీ ఐఎస్‌ఓ మెట్రిక్. వీటి మీద అంగుళాల మర కనిపించిందంటే దాన్ని కార్ఖానా వేయలేదు, ఎవరో మెకానిక్ వేశాడని అర్థం. అమెరికన్ హార్లీ-డేవిడ్సన్ పెద్ద బళ్ళలో యూఎన్‌సీ, యూఎన్‌ఎఫ్ మరలు మామూలు. 1960ల చివరి నుంచి బ్రిటిష్ కంపెనీలు కూడా యూనిఫైడ్ వైపు మళ్ళాయి. కాబట్టి ఆ కాలపు ట్రయంఫ్‌ను పునరుద్ధరించేవాళ్ళకు తయారీ సంవత్సరం తెలియడం తప్పనిసరి.

మెట్రిక్ బళ్ళలో ఎదురయ్యే ముతక మరలు కొద్దివే, గుర్తుంచుకోవచ్చు: ఎం5కి 0.8, ఎం6కి 1.0, ఎం8కి 1.25, ఎం10కి 1.5, ఎం12కి 1.75. ఇబ్బంది ఎం10 దగ్గర మొదలవుతుంది. హార్డ్‌వేర్ కొట్లో ఎం10 అడిగితే దొరికేది 1.5 పిచ్. జపాన్ వంశపు బళ్ళ మీద ఎక్కువగా ఉండేది 1.25 పిచ్. చూపుకు రెండూ ఒక్కలాగే ఉంటాయి. ఫుట్‌రెస్టు, స్టాండు, షాక్ అబ్జార్బర్ బోల్టుల దగ్గర తరచుగా జరిగే పొరపాటు ఇదే. అందుకే ఎం10, ఆపైన ఉన్న సైజులను బైకు విడిభాగాల కొట్లో కొనడమే మేలు; హైదరాబాద్ పుత్లీబౌలీలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో అడిగితే సన్న మరే ఇస్తారు.

కంపెనీ ఒకచోట ముతక, మరోచోట సన్న మర పెట్టడానికి కారణాలున్నాయి. సన్న మరకు లోతు తక్కువ, అందువల్ల బోల్టు నడుమ మిగిలే లోహం ఎక్కువ. ఎం10×1.5 బోల్టులో బలాన్ని మోసే అడ్డుకోత వైశాల్యం 58.0 చదరపు మిల్లీమీటర్లయితే ఎం10×1.25లో 61.2. మర వాలు తక్కువ కావడం వల్ల అదురుకు త్వరగా వదులు కాదు కూడా. ఇరుసులకు, స్ప్రాకెట్ బోల్టులకు అందుకే సన్న మర వాడతారు. మెత్తని అల్యూమినియంలో మాత్రం ముతక మరే నయం. ఒక్కో మర పన్ను మందంగా ఉండి పట్టు నిలుపుతుంది, అడ్డంగా ఎక్కే అవకాశమూ తక్కువ. ఈ రెండు గుణాలూ ఒకేచోట కావలసినప్పుడు పాత ఇంగ్లీషు ఇంజన్లలో ఒక స్టడ్‌కే రెండు రకాల మరలు కోసేవారు. కేసింగులోకి వెళ్ళే కొసకు ముతకది, నట్టు ఎక్కే కొసకు సన్నది. ఇలాంటి స్టడ్‌ను తిరగేసి బిగిస్తే రెండు చోట్లా చెడుతుంది.

కొలిచే తీరు

కావలసిన పనిముట్లు రెండే: వెర్నియర్ కాలిపర్, పిచ్ గేజ్. పిచ్ గేజ్ అంటే ఒక అంచున మర ఆకారంలో పళ్ళు కోసిన పలుచని ఉక్కు రేకుల కట్ట. ఒక్కో రేకు మీద ఒక్కో పిచ్ చెక్కి ఉంటుంది. కొనేటప్పుడు మెట్రిక్ కట్టతో పాటు 55 డిగ్రీల విట్‌వర్త్ కట్ట కూడా ఉందో లేదో చూసుకోవాలి. పాత బుల్లెట్ ఉన్నవాళ్ళకు అది లేనిదే సాగదు.

ముందు బోల్టును కిరసనాయిలులో నానబెట్టి వైరు బ్రష్‌తో రుద్దాలి. గాడుల్లో పేరుకున్న మసి, పాత గ్యాస్కెట్ జిగురు రేకును సరిగ్గా కూర్చోనివ్వవు. వెర్నియర్‌తో మర కొనల మీద వ్యాసం కొలవాలి. తల కింద నున్నగా ఉన్న భాగాన్ని కొలవకూడదు; కొన్ని బోల్టుల్లో అది మరకంటే సన్నగా ఉంటుంది. కొత్త ఎం8 బోల్టు మీద కూడా వెర్నియర్ 8.00 చూపించదు. అనుమతించిన మామూలు తేడాల ప్రకారం అది 7.76కి, 7.97కి మధ్య ఉంటుంది. ఎం6 అయితే 5.79 నుంచి 5.97 దాకా, ఎం10 అయితే 9.73 నుంచి 9.97 దాకా. కాబట్టి 9.5 వస్తే "పది, కాస్త అరిగింది" అనుకోకూడదు. అది 3/8 అంగుళం అయి ఉండటానికే ఎక్కువ అవకాశం, దాని పూర్తి వ్యాసం 9.525.

తర్వాత పిచ్. రేకును మరలో ఆనించి, వెనక వెలుతురు ఉండేలా పట్టి చూడాలి. సరైన రేకు అయితే పొడవునా వెలుగు కనిపించదు. మధ్యలో ఆని చివరల్లో సందు కనిపిస్తే పిచ్ వేరు. కొనలు ఆని గాడుల్లో సన్నని గీతలా వెలుగు వస్తుంటే పిచ్ అదే అయినా కోణం వేరు కావచ్చు. ఒక కొసన కూర్చుని రెండో కొసన కూర్చోని బోల్టు ఉంటే, అది అతిగా బిగించడం వల్ల సాగిన బోల్టు. దాన్ని కొలవడం మాని పారేయాలి. గేజ్ లేనప్పుడు స్కేలు చాలు. ఒక కొన మీద సున్నా పెట్టి, దాన్ని వదిలేసి పది కొనలు లెక్కపెట్టి, పదో కొన వరకు ఉన్న దూరాన్ని పదితో భాగించాలి. మొదటి కొననే ఒకటిగా లెక్కించడం ఇక్కడ మామూలుగా జరిగే తప్పు.

మర రంధ్రం లోపల ఉన్నప్పుడు పని కాస్త కష్టం. వెర్నియర్ లోపలి దవడలతో రంధ్రాన్ని కొలిస్తే వచ్చేది మర లోపలి వ్యాసం. దానికి దాదాపు పిచ్ అంత కలిపితే బోల్టు వ్యాసం వస్తుంది: 5.0 వస్తే ఎం6×1.0, 6.7 లేదా 6.8 వస్తే ఎం8×1.25, 8.5 అయితే ఎం10×1.5, 8.75 అయితే ఎం10×1.25. చివరి రెండింటి మధ్య పావు మిల్లీమీటరే తేడా కాబట్టి అరిగిన రంధ్రంలో ఈ లెక్కను పూర్తిగా నమ్మలేం. మెత్తని చెక్క పుల్లను రంధ్రానికి సరిపడా చెక్కి లోపలికి తిప్పి తీస్తే దాని మీద మర అచ్చు పడుతుంది. ఆ అచ్చు మీద పిచ్ గేజ్ పెట్టవచ్చు.

అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష చేతివేళ్ళదే. సైజు తెలిసిన కొత్త బోల్టును పానా లేకుండా తిప్పాలి. సరైనదైతే చివరిదాకా వేళ్ళతోనే పోతుంది, ఊగదు. రెండు మూడు చుట్ల తర్వాత గట్టిపడితే పిచ్ తేడా. ఎం10×1.25 బోల్టు 1.5 రంధ్రంలో చుట్టు చుట్టుకూ పావు మిల్లీమీటరు వెనకబడుతుంది, కొద్ది చుట్లలోనే మర పక్కలు ఒకదానికొకటి ఆనుతాయి. తేలిగ్గా తిరుగుతూ పక్కలకు ఊగితే వ్యాసం తేడా. అసలు మొదలే పట్టకపోతే ఎడమ మరేమో చూడాలి. బోల్టును తల కిందికి వచ్చేలా నిలబెడితే, కుడి మర గీతలు ఎడమ నుంచి కుడికి పైకి లేస్తాయి. ఎడమ మరకు దీనికి ఎదురు.

పోలికలతో మోసగించే జంటలు

ఏడు పాయింట్ తొమ్మిది మిల్లీమీటర్ల బోల్టు ఒకటి పాత బుల్లెట్ నుంచి ఊడిందనుకుందాం. అది ఎం8 కావచ్చు. 5/16 అంగుళం, అంటే 7.94 కూడా కావచ్చు. వెర్నియర్ ఈ రెండింటినీ విడదీయలేదు. ఇక పిచ్ చూడాలి. పది మరల దూరం 14.1 మిల్లీమీటర్లు వస్తే అంగుళానికి 18 మరలు: బీఎస్‌డబ్ల్యూ లేదా యూఎన్‌సీ. 12.5 వస్తే ఎం8 ముతక మర. 11.5 వస్తే 22 మరల బీఎస్‌ఎఫ్. 10.6 వస్తే 24 మరల యూఎన్‌ఎఫ్. 10.0 వస్తే ఎం8 సన్న మర, 9.8 వస్తే 26 మరల సైకిల్ త్రెడ్. ఒకే వ్యాసంలో ఏడు రకాలు. 18 మరల బీఎస్‌డబ్ల్యూ, యూఎన్‌సీలకు తేడా కోణంలోనే. 55, 60 రేకులు మార్చి చూస్తే గానీ తేలదు.

చివరి జంట మరీ మాయదారిది. ఎం8×1.0, 5/16 సైకిల్ త్రెడ్‌లకు కోణం ఒకటే, 60 డిగ్రీలు. వ్యాసంలో తేడా 0.06, పిచ్‌లో తేడా 0.023 మిల్లీమీటర్లు. నట్టు ఒకదాని మీద నుంచి మరోదాని మీదికి చాలా చుట్లు హాయిగా ఎక్కుతుంది, బిగుస్తుంది కూడా. బిగువును మోసేది మాత్రం అన్ని మరలూ కాదు, ఏవో ఒకటి రెండే. అదిరే ఇంజన్ మీద అది ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పలేం. ఇలాంటిచోట పది మరలు చాలవు, బోల్టు పొడవున ఉన్నన్ని మరలూ లెక్కించి సగటు తీయాలి. బండి చరిత్ర సాక్ష్యమూ కావాలి: రెడిచ్ నమూనా ఇంజన్ అయితే సైకిల్ త్రెడ్ వైపే మొగ్గాలి.

చిన్న సైజుల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. 0బీఏ మర 6.0 మిల్లీమీటర్ల వ్యాసం, 1.0 పిచ్, కాగితం మీద అది అచ్చం ఎం6. కోణం నలభై ఏడున్నర, అరవైల తేడా వల్ల రెండూ ఒకదానిలో ఒకటి ఒదగవు. 2బీఏ 4.7 వ్యాసం, 0.81 పిచ్. ఎం5×0.8 రంధ్రంలో పెడితే సాఫీగా ఎక్కుతుంది, ఊగుతుంది, కాస్త బిగించగానే మర తెగుతుంది. పావు అంగుళంలో బీఎస్‌ఎఫ్‌కూ సైకిల్ త్రెడ్‌కూ 26 మరలే. కోణాలు 55, 60. పావు అంగుళపు బోల్టును ఎం6 రంధ్రంలో పెట్టబోతే వ్యాసం 6.35 కావడం వల్ల అది మొదట్లోనే ఆగుతుంది. ఆగిందని పానా వేసేవాళ్ళకు ఏ కొలతా సాయం చేయదు.

అర అంగుళం దగ్గర మరో వింత. మోటారుసైకిలులో కనిపించే తక్కిన సైజుల్లో బీఎస్‌డబ్ల్యూ, యూఎన్‌సీ రెండింటికీ అంగుళానికి మరల సంఖ్య ఒకటే. అర అంగుళానికి మాత్రం మొదటిది 12, రెండోది 13.

తల చెప్పేది, చెప్పనిది

తల సైజు మరకు సూచనే తప్ప సాక్ష్యం కాదు. ఎం6కి పది నంబరు తల మామూలు, కొత్త బళ్ళ ఫ్లాంజ్ బోల్టుల్లో అదే ఎం6కి ఎనిమిది నంబరు వస్తోంది. ఎం8కి ఐఎస్‌ఓ ప్రకారం 13, జపాన్ బళ్ళ మీద 12. ఎం10కి పాత జర్మన్ ప్రమాణంలో 17, ఐఎస్‌ఓలో 16, జపాన్‌లో 14. అందుకే హార్డ్‌వేర్ కొట్టు నుంచి తెచ్చిన బోల్టు మర సరిపోయినా ఒక్కోసారి తల పక్కనున్న గోడకు తగిలి పానా పట్టదు. విట్‌వర్త్ పానాల మీది అంకె ఇంకా చిత్రం. పావు అంగుళం అని చెక్కి ఉన్న పానా నోరు దాదాపు 13.3 మిల్లీమీటర్లు. ఆ అంకె బోల్టు వ్యాసాన్ని చెబుతుంది, తలను కాదు.

తల మీద అచ్చువేసిన 8.8, 10.9, 12.9 వంటి అంకెలు మర గురించి కాదు, ఉక్కు గట్టిదనం గురించి. మొదటి అంకెను వందతో గుణిస్తే తెగే బలం మెగాపాస్కల్స్‌లో వస్తుంది. రెండోది, ఆ బలంలో ఎన్ని పదో వంతుల దగ్గర బోల్టు శాశ్వతంగా సాగుతుందో చెబుతుంది. 8.8 అంటే 800 దగ్గర తెగేది, 640 దగ్గర సాగడం మొదలుపెట్టేది. ఈ అంకెలు ఉన్నాయంటే ఒక పరోక్ష సమాచారం దొరుకుతుంది: అది మెట్రిక్ బోల్టే. అమెరికన్ అంగుళాల బోల్టుల మీద అంకెల బదులు తల మధ్య నుంచి విచ్చుకున్న గీతలు ఉంటాయి. బ్రేకు కాలిపర్, హ్యాండిల్ క్లాంపుల దగ్గర మర సరిపోయిందని అంకె లేని బోల్టు వేయడం మర తప్పు వేయడం కంటే మంచిదేమీ కాదు. మెరుస్తుందని స్టెయిన్‌లెస్ వేయించేవాళ్ళు ఎక్కువయ్యారు. సాధారణ ఏ2-70 రకం 700 దగ్గర తెగుతుంది. పైగా అల్యూమినియంతో కలిసి తడికి తుప్పు రగిలించి పట్టేసుకుంటుంది.

పొడవు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బోల్టు పొడవును తల కింది నుంచి కొలుస్తారు. తల లోపలికి దిగిపోయే చెమ్చా తల స్క్రూకు తలతో కలిపి కొలుస్తారు. క్లచ్ కవరుకు పట్టే ఎం6 బోల్టులు అన్నీ ఒకే మర, పొడవులు మాత్రం రెండు మూడు రకాలు. పొడవుది పొట్టిదాని రంధ్రంలో వేస్తే అది అడుగున ఆనుతుంది. కవరు ఇంకా వదులుగానే ఉంటుంది కాబట్టి బిగిస్తూనే పోతారు, కేసింగు పగులుతుంది. పొట్టిది పొడవుదాని చోట వేస్తే నాలుగైదు మరలే పట్టి అవి ఊడొస్తాయి. అల్యూమినియంలో బోల్టు వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్లు, వీలైతే రెండు రెట్లు లోతు మర పట్టాలి. అనుభవమున్న మెకానిక్కులు అట్టముక్క మీద కవరు ఆకారం గీసి, ఊడదీసిన బోల్టును ఊడదీసినట్టే దాని స్థానంలో గుచ్చుతారు. ఖర్చులేని పద్ధతి, తప్పు జరగదు.

మామూలు లెక్క చెల్లని చోట్లు

అద్దాల కాడలు ఎక్కువ బళ్ళ మీద ఎం10×1.25, కొన్నిటి మీద ఎం8×1.25, బీఎండబ్ల్యూ మీద ఎం10×1.5. యమహాలో చాలావాటికి కుడి అద్దానిది ఎడమ మర. ముందు నుంచి ఏదైనా తగిలితే అద్దం విరగకుండా తిరిగి వదులయ్యేలా అలా పెట్టారు. దీన్ని ఎరగక మామూలు అద్దాన్ని బలవంతంగా తిప్పి హ్యాండిల్ హోల్డరును పాడుచేసిన సందర్భాలు కోకొల్లలు. ఎడమ, కుడి మరలను కలిపే అడాప్టర్లు విడిభాగాల కొట్లో దొరుకుతాయి.

స్పార్క్ ప్లగ్గులకు తమ సొంత మెట్రిక్ మరలు: 10×1.0, 12×1.25, 14×1.25. అంగుళాల బుల్లెట్‌కు కూడా 14 మిల్లీమీటర్ల ప్లగ్గే. హోండా వంశపు 100 సీసీ ఇంజన్లకు 10, ఆర్‌ఎక్స్100కు 14. ఎన్‌జీకే ప్లగ్గుల పేరులో మొదటి అక్షరం ఈ వ్యాసాన్నే చెబుతుంది: సీ అంటే 10, డీ అంటే 12, బీ అంటే 14. అంకె తర్వాత వచ్చే అక్షరం మర పొడవు. హెచ్ అంటే 12.7, ఈ అంటే 19 మిల్లీమీటర్లు. వ్యాసం, పిచ్ సరిపోయి పొడవు ఎక్కువైన ప్లగ్గు ఎక్కేస్తుంది, పిస్టన్‌కు తగిలే ప్రమాదం ఉంటుంది.

డిస్కు బ్రేకు గొట్టాన్ని పట్టి ఉంచే బాంజో బోల్టు జపాన్ పద్ధతి భాగాల్లో ఎం10×1.25, ఇటలీ బ్రెంబో పద్ధతి భాగాల్లో ఎం10×1.0. ఒక కంపెనీ మాస్టర్ సిలిండరును మరో కంపెనీ కాలిపర్‌తో కలిపేటప్పుడు ఒకే గొట్టానికి రెండు కొసల్లో రెండు రకాల బోల్టులు కావలసి వస్తుంది. ఇక్కడ ఊహకు తావు లేదు. ఆయిలు డ్రెయిన్ బోల్టు హోండా పద్ధతి ఇంజన్లలో తరచుగా ఎం12×1.5, ఎం12 ముతక మర 1.75 కాబట్టి కొట్లో దొరికే మామూలు ఎం12 దీనికి పనికిరాదు.

మరమ్మతు తర్వాత మారిన కొలతలు

పాత బండిలో రంధ్రం సైజు కంపెనీ పుస్తకంలో ఉన్నట్టే ఉంటుందన్న హామీ లేదు. మర పోయిన ఎం6 రంధ్రానికి చాలా షెడ్లలో చేసే మొదటి వైద్యం రెండు సూతుల టాప్ (రంధ్రంలో మర కోసే పనిముట్టు) కొట్టడం. 6.35 వ్యాసం, అంగుళానికి 20 మరలు. అప్పటికే 6 దాకా పెద్దదైన రంధ్రంలో అది కొత్త మర కోయదు, గోకుతుంది. కొన్నాళ్ళకు మళ్ళీ వదులవుతుంది. ఇలాంటి బండిలో కవరు బోల్టుల్లో ఒకటి మాత్రం పావు అంగుళం, తక్కినవి ఎం6 ఉంటాయి. తలలు ఒక్కలాగే కనిపిస్తాయి. అందుకే సెకండ్ హ్యాండ్ బండి కవరు విప్పేటప్పుడు ప్రతి బోల్టునూ విడిగా కొలవాలి.

సరైన మరమ్మతు స్ప్రింగ్ ఆకారపు ఉక్కు తీగ చుట్ట, అంటే హెలికాయిల్. ఎం6కైతే రంధ్రాన్ని 6.3 మిల్లీమీటర్లకు తొలిచి, దాని కోసమే చేసిన టాప్‌తో మర కోసి, తీగ చుట్టను ఎక్కిస్తారు. లోపలి మర మళ్ళీ ఎం6×1.0 అవుతుంది. అల్యూమినియంకు బదులు ఉక్కు మర దొరకడంతో మొదటికంటే గట్టిగా ఉంటుంది. రంధ్రంలోకి టార్చి వేసి చూస్తే మొదటి చుట్టులో తీగ కొస మెరుస్తూ కనిపిస్తుంది. ఆ పనిముట్లు లేనిచోట లేత్ దగ్గర మెట్టు స్టడ్ చేయిస్తారు. ఒక కొస 6.8 తొలిచి కోసిన కొత్త ఎం8 రంధ్రంలోకి వెళ్తుంది, బయటి కొస పాత ఎం6గానే ఉండి పాత నట్టే పడుతుంది. సైలెన్సర్ మెడ దగ్గర ఇలాంటివి ఎక్కువగా కనిపిస్తాయి. బయట కనిపించే మరను కొలిచి లోపలి రంధ్రం కూడా అంతే అనుకుని కొత్త స్టడ్ ఆర్డరు ఇస్తే అది రంధ్రంలో వదులుగా తిరుగుతుంది. పాత స్టడ్‌ను పూర్తిగా ఊడదీసి, రెండు కొసలనూ విడివిడిగా కొలిచాకే సైజు రాసుకోవాలి.